రారాజు దగ్గు

మొన్న వినాయక నిమజ్జనం ఊరేగింపు తిరుపతిలో మా స్టూడియో ముందు నుంచి పోయింది. ట్రాక్టరు మీద డీజే పెట్టెలు, వెనకాల ఒళ్లంతా రంగులు పూసుకున్న పిల్లలు. పాట మధ్యలో పలకల మోత ఒక్కసారిగా ఆగింది. ఆ ఖాళీలో ఒక మగమనిషి దగ్గు వినిపించింది. పొడిగా మొదలై, లోలోపలికి దిగి, ఊపిరి దొరకని చోట తెగిపోయే దగ్గు. పిల్లలందరూ రొమ్ము మీద చేతులు పెట్టుకుని, నడుములు వంచి, దానితోపాటే దగ్గారు. మళ్లీ పలకలు అందుకున్నాయి.

దగ్గుకు సిగ్గేందబ్బా
దాచితే తగ్గేదెట్టబ్బా
పద పద పోదాం ఆసుపత్రికి
పలకలు కొట్టుకు పోదామబ్బా

క్షయ గురించి జనానికి చెప్పాలని ఒక స్వచ్ఛంద సంస్థ అడిగితే చేసిన పాట ఇది. రాసింది నేను, తీసింది నేను. పాడింది ఇప్పటి పాటలు పాడే ఒక కుర్రాడు. దగ్గింది రారాజు. ఆయన ఈ ఏడాది చలికాలంలో పోయాడు. పోయిన రోజున మా చానల్లో ఆయన ఫొటో పెట్టి, ‘క్షయతో పోరాడి అలసిన మన దగ్గు తాతకు నివాళి’ అని వేశారు. వేలమంది దండాలు పెట్టారు.

ఆయనకు క్షయ లేదు. ఎప్పుడూ లేదు. ఉందని ఊరంతా అనుకోవడానికి కారణం నేను.

రారాజు అనేది ఆయన అసలు పేరు కాదు. మా చిత్తూరు వైపు వేసవిలో ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, ఆఖరు రోజు పొద్దున దుర్యోధన వధ. ఆయన ముప్ఫై ఏళ్లుగా దుర్యోధనుడు. ఇంట్లో భార్య తప్ప ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. బంగారుపాళ్యం దగ్గర ఆయన ఊళ్లో రేషన్ డీలరు కూడా ‘రారాజు వచ్చినాడు, బియ్యం కొలువప్పా’ అనేవాడు.

వీధినాటకంలో రాజవేషం ఊరకే నడిచి రాదు. ఇద్దరు మనుషులు అడ్డంగా తెర పట్టుకుంటారు. దాని వెనక గజ్జెల చప్పుడు వినిపిస్తుంది, కిరీటం కొన కనిపిస్తుంది. చూసేవాళ్లు ఇక ఆగలేరన్నప్పుడు తెర తీస్తారు. ఆయనకు ఈ అలవాటు ఒంట్లో దిగిపోయింది. ఏ గదిలోకీ, ఏ కొట్లోకీ నేరుగా వచ్చేవాడు కాదు. గుమ్మం దగ్గర నిలబడి, మీసం మీద చెయ్యి వేసి, లోపలివాళ్లు తలెత్తి చూసేదాకా ఆగేవాడు. బస్సు ఫుట్‌బోర్డు మీద కూడా అంతే. వెనక జనం తోస్తూ ఉన్నా కదిలేవాడు కాదు. ఆ రూట్లో తిరిగే కండక్టరుకు అలవాటైపోయి, “రా రాజా, లోపలికి రా” అనేవాడు. అప్పుడు ఒక నవ్వు నవ్వి లోపలికి అడుగు పెట్టేవాడు. ఆ నవ్వుకు ముందు సీట్లో నిద్రపోయేవాళ్లు కూడా లేచి కూర్చునేవాళ్లు.

చొక్కా జేబులో చిన్న అద్దం ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ దాన్ని తీసి మీసం చూసుకునేవాడు. టీలో చక్కెర ఎంత వేసినా చాలేది కాదు. ఎవరి పిల్లలైనా ఒళ్లో కూర్చోబోతే కుడి తొడ మీదే కూర్చోబెట్టుకునేవాడు. ఎడమ తొడ భీముడు కొట్టేది. దాన్ని ఏడాది పొడుగునా కాపాడుకునేవాడు. భీముడు వేసే మనిషి ఆయనకు పక్కింటివాడే. భారతం జరిగినన్ని రోజులూ ఆయనతో మాటలుండవు. నిచ్చెన కావాలన్నా భార్యను పంపించేవాడు. వధ అయిపోయిన మధ్యాహ్నం ఇద్దరూ ఒకే పీట మీద కూర్చుని తినేవాళ్లు.

ఎచ్చులకు పోయే మనిషి. ఇంకొక ఊరి దుర్యోధనుడి గురించి మంచిమాట చెబితే ఆ పూట మనతో మాట్లాడేవాడు కాదు. ఇది కూడా రాయాలి. పోయినవాళ్లను దేవుళ్లను చేసి రాస్తే ఆయనే నవ్వుతాడు.

నేను ఆయన్ని మొదట చూసింది ఆ వధ రోజు పొద్దున, మా చానల్ కోసం వీడియో తీయడానికి పోయినప్పుడు. గుడి ముందు మైదానంలో మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఆయన ఆ మట్టి మనిషి రొమ్ము మీద, పొట్ట మీద ఎగిరాడు, దాక్కున్నాడు, గద తిప్పాడు. భీముడు తరిమాడు. ఆడవాళ్లు గట్టిగా తిట్టారు. మట్టి తొడ పగిలి కుంకుమ నీళ్లు చిమ్మగానే ఆయన పక్కనే కూలిపోయాడు. ఆ చివరి ఊపిరి ఆయన ఎంతసేపు తీశాడంటే, అప్పటిదాకా తిట్టిన ముసలావిడ ఒకామె ‘అయ్యో’ అనేసింది.

జనం ద్రౌపది కొప్పు ముడి చూడటానికి అటు పోయారు. నేను మైకు పట్టుకుని ఈయన దగ్గరికి పోయాను. లేవలేదు. కళ్లు మూసుకునే, పెదాలు కదిలీ కదలకుండా, “వాద్యార్ రావాలప్పా, ఉండు” అన్నాడు.

వాద్యార్ అంటే వాళ్లకు నాటకం నేర్పిన గురువు. పండు ముసలాయన, కొబ్బరినూనెలో తడిపిన గుడ్డ పట్టుకుని మెల్లగా వచ్చాడు. నుదుటి మీద ఒకే ఒక గీత తుడిచాడు. అప్పుడు లేచి కూర్చుని మిగతా రంగంతా ఈయనే తుడుచుకున్నాడు. ఆ మేళంలో అది పద్ధతి. ముఖానికి మొదటి చుక్క ఎవరు పెడతారో, తుడవడం కూడా వాళ్ల చేత్తోనే మొదలుకావాలి. అంతవరకూ వేషంలో ఉన్నట్టే లెక్క.

“ఏందప్పా, టీవీనా?” అన్నాడు.

“యూట్యూబ్ అన్నా.”

“ఏదోకటి. మీసం సరిగ్గా పడినాదా?”

క్షయ పాట పని వచ్చినప్పుడు నాకు ఆ చివరి ఊపిరి గుర్తుకొచ్చింది. వీడియోలో రోగి కావాలి. కబురు చేస్తే తిరుపతికి వచ్చాడు. స్టూడియో గుమ్మంలో నిలబడ్డాడు. మేం పనిలో ఉండి చూడలేదు. “తెర తీయండబ్బా, ఎంతసేపు నిలబడేది?” అని ఆయనే అన్నాడు.

దగ్గి చూపించమన్నాను. ఆయన కాసేపు గోడ వైపు చూస్తూ ఉన్నాడు. తర్వాత దగ్గాడు. పాడే కుర్రాడు తనకు తెలియకుండానే రెండడుగులు వెనక్కి వేసి, జేబురుమాలు ముక్కుకు పెట్టుకున్నాడు.

“ఈ దగ్గు యాడ పట్టినావన్నా?” అన్నాను.

“మా ఇంట్లోదేలే” అన్నాడు.

వీడియో రేణిగుంట అవతల ఒక పాత ఇంట్లో తీశాం. మేకప్ మనిషిని పెట్టుకోలేదు. కాటుక, బూడిద కలిపి నా వేలితో ఆయన కళ్ల కింద నేనే రాశాను. వేలు తగలగానే ఆయన కళ్లు మూసుకుని నా చేతికి చిన్నగా దండం పెట్టాడు. నాకు నవ్వొచ్చింది.

సాయంత్రం పని ముగిశాక వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. ముఖం ముందుకు పెట్టి, “తుడువప్పా” అన్నాడు.

నేను కెమెరాలో తీసింది చూసుకుంటున్నాను. తల కూడా ఎత్తలేదు. “ఆడ కొళాయి ఉండాది కదన్నా, కడుక్కో” అన్నాను.

ఆయన కడుక్కోలేదు. ఆ గుంటలు పడిన కళ్లతోనే చిత్తూరు బస్సెక్కాడు. ఆ రోజు ఊరు చేరేదాకా పక్క సీట్లో ఎవరూ కూర్చోలేదని తర్వాత తెలిసింది.

పాట విడుదల చేశాం. మొదట ఎవరూ చూడలేదు. నాకు నిద్ర పట్టలేదు. ఇంత మంచి పాట ఇట్లా పోతుందా అనిపించింది. ఒక పొద్దున కూర్చుని పాట మొదట్లో ఒక వాక్యం చేర్చాను. ‘ఇందులో మీరు చూస్తున్నది నటుణ్ణి కాదు. మన మధ్య బతుకుతున్న మనిషిని.’

అబద్ధం ఏముంది, మన మధ్య బతుకుతున్న మనిషే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. పాట పరిగెత్తింది. పెళ్లిళ్లలో వేశారు. బడుల్లో వేశారు. ఆ దగ్గు విని భయపడి పరీక్షకు పోయామని కొందరు రాశారు. అది నిజం. దాన్ని నేను కాదనను. ఈ పాట కొందరికి మేలు చేసింది. ఒకరికి కీడు చేసింది.

ఒకరోజు ఆయన ఫోన్ చేశాడు.

“అప్పా, టీ కొట్టు మామ నాకు వేరే గ్లాసు పెట్టినాడు. దానికి ఎర్ర పెయింటు సుక్క. మేకుకు తగిలించి పెట్టినాడు. రాజన్నాక వేరే గ్లాసు ఉండాల్సిందే గదా?” పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వాను.

కొన్నాళ్లకు మళ్లీ చేశాడు. ఈసారి నవ్వలేదు.

“నువ్వొకసారి వచ్చి ఈళ్లకు ఒగ మాట సెప్పి పోప్పా. నువ్వు పెట్టిన సుక్క గదా, నేను తుడుసుకుంటే బాగుండదు.”

“వస్తానన్నా, ఈ వారంలోనే వస్తా.”

పోలేదు. అప్పుడు షుగరు జబ్బు మీద ఇంకో పాట మాటల్లో ఉంది. మొదటి పాటలో రోగి రోగి కాడని ఇప్పుడు బయటపడితే రెండోది ఇవ్వరేమోనని భయపడ్డాను. ఇంతలో వేసవి వచ్చింది. ఆ ఊళ్లో భారతం మొదలైంది. గద పట్టి కొట్టుకునేటప్పుడు చెమటలు కలుస్తాయి, ముఖం మీద ముఖం పెట్టి అరుచుకుంటారు, నా మొగుణ్ణి పంపించనని భీముడు వేసే మనిషి భార్య పట్టుబట్టింది. పెద్దమనుషులు తల ఊపారు. వాద్యార్ ముసలితనంలో ఎవరినీ ఎదిరించలేకపోయాడు. దుర్యోధన వేషం పక్క ఊరి మనిషికిచ్చారు. ఏ మనిషి పేరు చెబితే ఈయన అలిగేవాడో, ఆ మనిషికే.

ఆ తర్వాత నేను పోయాను.

మామిడికాయల కాలం. గుజ్జు ఫ్యాక్టరీ ముందు లారీలు, ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా నిలబడి ఉన్నాయి. పుల్లటి వాసన గాలి నిండా ఉంది. టీ కొట్టు దగ్గర బండి ఆపాను. ఆయన గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఎప్పటిలాగే నిలబడ్డాడనుకున్నాను. కాసేపు చూశాక తెలిసింది. లోపల జనం తలెత్తి చూశారు, చూసి మళ్లీ టీ తాగుతున్నారు. ఎవరూ రమ్మనలేదు. ఆయన మీసం మీద చెయ్యి కూడా లేదు.

టీ కొట్టు మామ లోపలి నుంచే అన్నాడు. “రాజా, నీ గ్లాసు ఆడ మేకుకుండాది సూడు. నువ్వే తీసుకో.”

“తెలుసులే మామా. సక్కెర దండిగా వెయ్యి. నా గ్లాసు ఎవురూ ముట్టుకోరు, ఈగలు తప్ప.”

“అన్నా, ఇప్పుడే చెప్పేస్తా వీళ్లకు” అని లోపలికి పోబోయాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. గద పట్టే చెయ్యి. రోడ్డు దాటించి కల్వర్టు మీద కూర్చోబెట్టాడు. టీ గ్లాసు పక్కన పెట్టుకున్నాడు.

“జబ్బుండాదని అనుకున్నారు సూడు, దానికి నాకు కోపం లేదప్పా. నటుడు కాదని రాసినావే.”

నేను తల దించుకున్నాను.

“ముప్పయ్యేండ్లు ఎగిరినాను. ఎండకు మట్టి కాలతా ఉంటే దాని మింద పడుకున్నాను. ఆడోళ్లు నన్ను తిట్టిన తిట్లు నిజంగా తగిలుంటే ఈపాటికి ఏ కుంట గట్టునో కాలిపోయుంటా. ఒగ్గ మాటతో తీసి పారేసినావే. నా దగ్గు బాగుండాది గాబట్టి నేను నటుణ్ణి కాదా?”

“తప్పయింది అన్నా. ఈరోజే తీసేస్తా. నువ్వు పరీక్ష చేయించుకో, కాగితం చూపిద్దాం. నేనే నిలబడి చెప్తా.”

“ఇప్పుడొద్దు.”

నాకు అర్థం కాలేదు. ఆయన టీ ఒక గుక్క తాగి, గొంతు తగ్గించాడు.

“మా వీధిలో మిషను కుట్టే పిల్ల ఉండాది. దానికి నిజంగానే వచ్చినాది. ఇంట్లో అమ్మకు తప్ప ఎవురికీ తెల్దు. ఒగరోజు వచ్చి, పెదనాయనా, నువ్వు మందులు యాడ తీసుకుంటా ఉండావు అని అడిగినాది. పాటలో సూసి, నాకుండాదనుకోని అడిగినాది. నేనేం సెప్పేది? నాకు లేదు పోవే అనేదా?”

“ఏం చెప్పినావు?”

“రా పోదాం అన్నాను. నెల నెలా ఇద్దరం బస్సెక్కి పోతా ఉండాం. ఆడ లైన్లో నిలబడతాం. అందరూ నన్నే సూస్తారు. దగ్గాయన వచ్చినాడంటారు. పక్కనుండే పిల్లను ఎవురు సూస్తారు? పెదనాయనకు తోడొచ్చినాది, మంచి పిల్ల అంటారు.” కాస్త నవ్వాడు. “ఇప్పుడు నువ్వు తుడిసినావనుకో, ఆ బస్సులో ఆ పిల్ల ఒగతే మిగుల్తాది.”

లారీ ఒకటి దుమ్ము లేపుతూ పోయింది. దుమ్ము తగ్గేదాకా ఆయన గ్లాసు మీద అరచెయ్యి మూసిపెట్టాడు.

“నీ పాటలో దగ్గు యాడిదని అడిగినావు గదా. మా నాయనది. ఆయనకు వచ్చినప్పుడు నాకు అప్పుడప్పుడే రారాజు వేషం ఇచ్చినారు. ఇంట్లో ఆ దగ్గుండాదంటే వేషం పోతాదని, ఊరంతా ఉబ్బసమని సెప్పినాను. ఉబ్బసం మాత్రలే తెచ్చిచ్చినాను. ఆయన గూడా నా కోసరం ఉబ్బసమనే సెప్పినాడు, పొయ్యేదాకా. నేను నీ మైకు ముందర సేసింది ఏముండాది? విన్నది అప్పజెప్పినాను.”

గ్లాసు ఖాళీ చేసి లేచాడు. “పిల్లకు మందులు అయిపోనీ. దీపావళి దాటినాక రా. వచ్చి తుడువు. మళ్లా వేసవికి నా వేషం నాకు కావాల. ఆ పక్కూరోడు గద పట్టుకునేది సూసినావా? రోకలి పట్టినట్టు పడతాడు.” ఎడమ తొడ మీద మెల్లగా తట్టుకున్నాడు. “వచ్చేటప్పుడు కొబ్బరినూనె తెచ్చుకో. మా ఇంట్లో మీ వదిన నూనె ముట్టుకోనియ్యదు.”

వస్తానని మాటిచ్చాను.

దీపావళి దాటింది. నేను పోలేదు. ఎందుకు పోలేదో రాయబోయి చాలాసార్లు కొట్టేశాను. కారణాలున్నాయి. రాస్తే అవి కారణాల్లాగే ఉన్నాయి. ఆయన ఫోన్ చేయలేదు. మాటిచ్చినవాణ్ణి గుర్తుచేయడం ఆయనకు చిన్నతనం. గుమ్మంలో నిలబడతాడు గానీ తలుపు తట్టడు.

చలికాలంలో ఒక పొద్దున, వాకిట్లో కూర్చుని అద్దం పెట్టుకుని మీసం కత్తిరించుకుంటూ గుండె ఆగి పోయాడు.

నేను పోయేసరికి స్నానం చేయించి, ముఖం కడిగి, విభూతి పెట్టి పడుకోబెట్టారు. తుడవడానికి ఏమీ మిగల్లేదు. మీసం ఒక పక్క కత్తిరించి ఉంది, ఇంకో పక్క లేదు. దాన్ని సరిచేయమని చెప్పేంత చనువు ఆ ఇంట్లో నాకు లేదు.

జనం వీధి చివర నిలబడి ఉన్నారు. పాడె కట్టారు గానీ ఎత్తడానికి ఇంటివాళ్లు చాలలేదు. తుండుగుడ్డలు ముక్కుల మీదికి పోయాయి. అప్పుడు పక్కింట్లో నుంచి భీముడు వేసే మనిషి వచ్చాడు. వెనక నుంచి భార్య ఏదో అరుస్తూనే ఉంది. ఆయన వినలేదు. ఎడమ వైపు ముందు కొన పట్టుకున్నాడు. “రేయ్ బావా, ఎంత బరువుండావురా” అన్నాడు. ఏడ్చాడు. ఇంకో కొన నేను పట్టుకున్నాను.

తిరిగొచ్చాక ఆయన భార్య ఫోన్ నా ముందు పెట్టింది. మా చానల్ నివాళి. నేను చెప్పి పెట్టించింది కాదు. చానల్ చూసుకునేవాళ్లు, పాట మొదట్లో నేను రాసిన వాక్యాన్ని నమ్మి పెట్టారు. వాళ్లకు కూడా నేను చెప్పి ఉండలేదు.

“ఇది నీదే గదబ్బా?” అంది.

“అవును వదినా.”

“సచ్చినాక గూడా ఆయన దగ్గుతానే ఉండాలా?”

నివాళి ఆ రోజే తీయించాను. పాట మొదట్లో ఉన్న వాక్యం తీయలేదు. తీస్తే, ఎందుకు తీశావని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఇన్ని నెలలు పట్టింది. మొన్న ఊరేగింపులో ఆ పిల్లలు నడుములు వంచి దగ్గడం చూశాక, మర్నాడు బండి తీశాను.

ముందు టీ కొట్టుకు పోయాను. ఎర్ర చుక్క గ్లాసు ఇంకా మేకుకే ఉంది. తీసి పారేయడానికి మామకు మనసు రాలేదట. చెప్పాను. ఆయనకు జబ్బు లేదు మామా, నేను రాసిన అబద్ధం అది, అని.

మామ చేతిలో టీ జల్లెడ అలాగే ఆగిపోయింది. “లేదా? అయ్యో, ముందే సెప్పుంటే ఏం పోయినాదప్పా? ఆ మనిసిని ఎండలో నిలబెట్టుకోనుంటినే!”

“ఉండుంటే నిలబెట్టొచ్చా మామా?”

మామ జల్లెడను గిన్నె మీద పెట్టాడు. నేను మేకుకున్న గ్లాసు తీసి కడిగి ఇచ్చాను. అందులో టీ పోశాడు. తాగాను. అందులో గొప్పేమీ లేదు. ఆయనకు జబ్బు లేదని నాకు మొదటి నుంచీ తెలుసు.

ఆ పిల్ల ఇంటికి పోయాను. వాకిట్లోకి మిషను చప్పుడు వినిపిస్తోంది. నేను ఎవరో చెప్పుకున్నాను. కూర్చోమంది. మందులు పూర్తయ్యాయట, పరీక్షలో ఏమీ లేదన్నారట. కాస్త ఒళ్లు చేసింది. ఆఖరుసారి ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేటప్పుడు పెదనాయన బస్సులో అందరికీ మిఠాయి పంచాడని చెప్పింది. ఎవరూ తీసుకోలేదట. “అయితే మొత్తం మనకే” అని, దారి పొడుగునా ఇద్దరే తిన్నారట.

“ఆయనకు ఆ జబ్బు లేదని రాస్తానమ్మా. అందరికీ తెలిసేటట్టు” అన్నాను.

ఆమె మిషను ఆపింది. గుడ్డ మీద చెయ్యి అలాగే ఉంచింది.

“రాయండి సార్. నాకుండినాదని గూడా రాయండి.”

నేను వద్దన్నట్టు చూశాను.

“ఆయనకు లేదని ఒగటే రాస్తే, లేనోడికి వేరే గ్లాసు పెట్టినారే అని జనం అయ్యో అంటారు. ఉన్నోళ్లకు పెట్టొచ్చునా సార్? ఆయన ఆ ఎండలో నిలబడినది అట్ట అనిపించుకునేదానికి కాదు.”

“పేరు రాయమంటావా?”

“ఆయన పేరు రాస్తా ఉండారా?”

“లేదు. రారాజు అనే రాస్తా.”

“అట్టయితే నాకూ వద్దులే. ఈ వీధిలో మిషనుండేది మా ఇంట్లోనే. తెలిసేవాళ్లకు తెలిసిపోతాది. తెలవనీ.” మళ్లీ చక్రం మీద చెయ్యి వేసి ఆగింది. “నటుడని మాత్రం పెద్దచ్చరాలతో రాయండి సార్. లేకుంటే వాకిట్లోనే నిలబడిపోతాడు ఆయన. లోపలికి రాడు.”

పాట మొదట్లో ఉన్న నా వాక్యం తీసేశాను. దాని చోట ఇప్పుడు ఇట్లా ఉంది. ‘ఇందులో రోగిగా కనిపించేది ఒక నటుడు. ముప్ఫై ఏళ్ల పాటు చిత్తూరు పల్లెల్లో దుర్యోధన వేషం కట్టినవాడు. ఆయనకు క్షయ లేదు. ఆయన పక్కన కూర్చుని బస్సులో ఆసుపత్రికి పోయిన అమ్మాయికి ఉండింది, తగ్గింది. ఆయన చోటు గుమ్మం బయట కాదు. జబ్బు ఉండి ఉన్నా కాదు.’

చాలా పొడుగైందని చానల్ వాళ్లు అంటున్నారు. అంతసేపు ఎవరూ చదవరట. చదివేదాకా పాట మొదలు కాకుండా పెట్టమన్నాను.

ఆలస్యమైందన్నా. తెర తీశాను. రా రాజా, లోపలికి రా.